అబద్ధాన్ని పట్టే అరచెయ్యి

కిందటి నెల నేను చదువుకున్న మెడికల్ కాలేజీ వాళ్లు సావనీరు వేస్తూ 'నా గురువు' అన్న శీర్షికకు రెండు పేజీలు రాసి పంపమన్నారు. అదే వారంలో ఆమె పోయిందని కబురొచ్చింది. ఎవరి గురించి రాయాలా అని ఆలోచించే పనే లేకపోయింది. ఒక్క ఊపున రాసి పంపాను. నాలుగు రోజులకు సావనీరు సంపాదకుడు ఫోన్ చేశాడు.

"చాలా బాగుంది మేడమ్. కానీ మాకు కావలసింది టీచర్ గురించి."

"ఈమె టీచరే."

"అంటే... మన ఫ్యాకల్టీలో ఎవరైనా..."

ఫ్యాకల్టీలో ఎవరూ నాకు గుండె వినడం నేర్పలేదు నాయనా, నేర్పినామె హూడిలో కాంక్రీటు మోసేది అని చెప్పి ఫోన్ పెట్టేశాను. వాళ్లకు పనికిరానిదాన్ని ఇక్కడ రాస్తున్నాను. ఆమె పేరు మాత్రం రాయను. రాస్తే ఎవరో ఒకరు వెతుక్కుంటూ వెళ్లి ఫోటోకు దండ వేసి, తామూ ఒక ఫోటో దిగి వస్తారు. అలాంటివి ఆమెకు గిట్టవు.

తొంభైల చివర నేను మూడో ఏడు చదువుతున్నాను. వార్డులో ఒక్కో మంచం చుట్టూ పదిహేను మందిమి మూగేవాళ్లం. ముందు వరసలో మగపిల్లలు, వాళ్ల భుజాల సందుల్లోంచి చూస్తూ మేము. ప్రొఫెసరు గారు రోగి గుండె మీద స్టెతస్కోపు పెట్టి, ఇదిగో ఇక్కడ మర్మర్ ఉంది, వినండి అనేవారు. గుండెలో కవాటం ఇరుకైపోతే, ఆ ఇరుకులోంచి రక్తం దూరుకుని వెళ్లేటప్పుడు సన్నగా గుర్రుమంటుంది. అదే మర్మర్. ఒక్కొక్కరం వంగి, నాలుగు క్షణాలు చెవి పెట్టి, తల ఊపి పక్కకు జరిగేవాళ్లం. విచిత్రం ఏమిటంటే అందరికీ వినబడేది. వినబడలేదన్నవాడు ఒక్కడూ లేడు. నేనూ తల ఊపినదాన్నే. నా చెవుల్లో నా ఊపిరి తప్ప ఇంకేమీ లేదని ఎవరికి చెప్పుకోను?

ఇంట్లో ఈ సంగతి పసిగట్టింది మా నాన్న. ఆయనకు బెంగళూరు నగర్తపేటలో జరీ దారాల దుకాణం. చదువు గురించి ఆయనకేమీ తెలియదు గాని, దిగాలు మొహం పోల్చుకోగలడు. కోలారు వైపు నుంచి వచ్చిన ఆయన పాత స్నేహితుడు, డాక్టరొకాయన, ఊరి శివారున హూడిలో ప్రాక్టీసు చేసేవారు. ఆదివారాలు వెళ్లి ఆయన దగ్గర కూర్చో, దుకాణంలో కూర్చుంటేనే కదా దారం తెలిసేది అని పంపించాడు. రెండు బస్సులు మారి వెళ్లేదాన్ని. రేకుల కప్పు కింద రెండు గదులు, ఒక పొడుగాటి బల్ల, పచ్చగుడ్డ తెర. అప్పట్లో హూడి చుట్టుపక్కల కంప్యూటర్ కంపెనీల భవనాలు మొలుస్తున్నాయి. వాటిని కట్టే జనమంతా అనంతపురం, కడప, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి షెడ్లలో ఉండేవారు. వాళ్లకు పని లేని రోజు ఆదివారం. డాక్టరు గారికి ఊపిరాడని రోజూ అదే.

ఆమెను మొదట చూసింది ఆ తెర వెనక. ముప్పై అయిదేళ్లుంటాయేమో. పొట్టిగా, గట్టిగా ఉండేది. సిమెంటు తినేసిన వేలికొసలు. కదిరి దగ్గర పల్లె. చిన్నప్పుడు కీళ్లనొప్పుల జ్వరం వచ్చి గుండె కవాటం దెబ్బతింది. ఆ జ్వరం మళ్లీ రాకుండా మూడు వారాలకొకసారి తుంటికి పెనిసిలిన్ సూది వేయించుకునేది. ఆ సూది ఎంత నొప్పో వేయించుకున్నవాళ్లకే తెలుసు. ఈమె మాత్రం సూది దిగుతున్నంతసేపూ మేస్త్రీని తిడుతూ ఉండేది. నొప్పికి తిడుతోందో, మేస్త్రీ మీద నిజంగానే అంత కోపమో ఎవరూ తేల్చుకోలేకపోయారు.

ఎనిమిది మంది ఆడవాళ్ల జట్టుకు ఆమె పెద్ద. స్లాబు పోసే రోజున కాంక్రీటు నింపిన ఇనప తట్టలు, వాళ్ల మాటలో బాండ్లీలు, చేతి నుంచి చేతికి పైకి చేరాలి. ఏ చెయ్యి ఎక్కడుండాలో, ఎప్పుడు మారాలో చెప్పేది ఆమె. బరువు మోయొద్దని డాక్టరు గారు ప్రతిసారీ చెప్పేవారు. "సరే సామీ" అని ప్రతిసారీ అనేది. జట్టు పెద్ద అయ్యాక మోయడం కొంత తగ్గింది, అరవడం పెరిగింది.

మొదటి ఆదివారం డాక్టరు గారు, "ఈమె గుండె విను. తర్వాత నాకు చెప్పు" అని నన్ను తెర వెనక్కి పంపి బయటి రోగులను చూసుకోబోయారు. నేను స్టెతస్కోపు చెవులకు తగిలించుకుని ముందుకు వంగాను. ఆమె నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఆ బిళ్ళ చల్లగుంటాది. రుద్దు."

రుద్దాను.

"చేతులూ రుద్దు. ఇంగ నా చీర నేను తీస్తా. నువ్వు తియ్యొద్దు."

ఎడమ పక్కకు ఒత్తిగిలి, చెయ్యి తలకింద పెట్టుకుని, చీరను ఎంత అవసరమో అంతే జరిపింది. నేను విన్నాను. వార్డులో మాదిరే నాలుగు క్షణాలు. తల ఊపాను. వినబడింది అన్నాను.

ఆమె కుడి అరచెయ్యి చాపింది. ఎడమచేతి వేళ్లు తన మెడ మీద, నాడి కొట్టుకునే చోట ఆనించుకుంది.

"ఏం వినబడిందో దీనిమీద కొట్టు. దెబ్బకు దెబ్బ. గుర్రుమన్న చోట వేలు ఈడ్చల్ల."

ఆమె అడిగిందేమిటో అర్థమయ్యేసరికి చెమటలు పట్టాయి. గుండె ఒకసారి కొట్టుకుంటే నేను ఆమె అరచేతి మీద ఒకసారి వేలితో తట్టాలి. తర్వాత మర్మర్ వినిపించినంతసేపూ వేలిని అలా గీతగా లాగాలి. తన మెడ నాడితో ఆమె సరిచూసుకుంటుంది. మర్మర్ ఎక్కడ వస్తుందో ఆమెకు తెలుసు, ఎందుకంటే ఎన్నో ఏళ్ల కిందట డాక్టరు గారు తన స్టెతస్కోపు ఆమె చెవులకే పెట్టి ఆమె గుండెను ఆమెకే వినిపించారు. "దూరంగా కాంక్రీటు మిల్లరు తిరుగుతాండట్ల ఉండాది సామీ" అందట. అప్పటి నుంచి ప్రతి సూదికీ ఒకసారి అడిగి వినేది.

నేను ఏదో తట్టాను. మూడు దెబ్బలు కూడా పడకముందే చెయ్యి లాక్కుంది.

"వినబడలేదు నీకు."

"వినబడింది అక్కా..."

"వినబడకపోతే వినబడలేదని చెప్పు. నా గుండె యాడికి పోతాది? మళ్లా మూడు వారాలకు వస్తా, అప్పుడు విను."

ఇంత తేలిక మాట రెండున్నరేళ్లలో నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పకపోగా, వినబడలేదని ఒకసారి నోరు జారిన పిల్లను ప్రొఫెసరు గారు అందరి ముందూ చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లమన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

మూడు వారాల తర్వాత, "వినబడలేదు" అన్నాను. "సరే" అంది. మరో మూడు వారాలకు మళ్లీ అదే మాట. అయిదోసారి, ఊపిరి బిగబట్టి చాలాసేపు విన్నాక, దెబ్బకూ దెబ్బకూ మధ్య, మెత్తగా, లోలోపల ఏదో తిరగడం మొదలైంది. నా వేలు దానంతటదే ఆమె అరచేతి మీద గీత గీసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె మెచ్చుకోలేదు. "ఊ" అని చీర సర్దుకుని సూది గదిలోకి పోయింది. అక్కణ్ణుంచి మేస్త్రీ మీద తిట్లు వినబడ్డాయి.

ఈ కథ కాలేజీలో చెప్తే మా బ్యాచ్‌లో ఫస్టు వచ్చే కుర్రాడు తానూ వస్తానన్నాడు. వచ్చాడు. ఠీవిగా వంగి విన్నాడు. "క్లియర్‌గా ఉంది" అన్నాడు. ఆమె అరచెయ్యి చాపింది. అతను చక్కగా, తాళం తప్పకుండా, ఎక్కడ గీత గీయాలో పుస్తకంలో ఉన్నట్టే గీస్తూ తట్టుకుపోయాడు. ఆమె కాసేపు ఓపిక పట్టి అతని మొహంలోకి చూసింది.

"బాగుండాదప్పా. కానీ ఈ గుండె నాది కాదు. ఎవురిదో తెచ్చి కొడతాండావు."

అతను మళ్లీ రాలేదు. ఇప్పుడు పెద్ద ఆసుపత్రిలో పెద్ద పదవిలో ఉన్నాడు. సావనీరులో అతని ఫోటో ఉంటుంది.

ఆమె పేరు కాలేజీ దాకా పాకింది. ఫైనలియర్ పరీక్షలకు మంచి మర్మర్ ఉన్న రోగులు కావాలి గదా. మా ప్రొఫెసరు గారు స్వయంగా క్లినిక్‌కు వచ్చారు. పరీక్ష రోజున బండి పంపిస్తాం, హాల్లో మంచం మీద పడుకుంటే చాలు, పిల్లలు ఒక్కొక్కరూ వచ్చి చూసిపోతారని డాక్టరు గారితో చెప్పారు. ఆమెతో కాదు. ఆమె బల్ల మీద కూర్చుని వింటూనే ఉంది.

"నన్నడుగు సామీ. గుండె నాది."

ప్రొఫెసరు గారు నవ్వు పులుముకుని అడిగారు.

"ఆ పిల్లోళ్లు వినబడలేదంటే పాస్ చేస్తారా?" అంది.

"వినబడలేదంటే ఎట్లా పాస్ చేస్తామమ్మా?"

"అయితే నేను రాను. నా ముందర అంతమంది అబద్ధాలు చెప్తాంటే ఊరికే పండుకోవల్లనా?"

ప్రొఫెసరు గారి చెవులు ఎర్రబడ్డాయి. డాక్టరు గారు పచ్చగుడ్డ తెర సర్దే వంకతో అటు తిరిగి నవ్వుకున్నారు. నాకు ఈలవేసి ఎగరాలనిపించింది. ఆ ఏడాది ప్రాక్టికల్స్‌లో నన్ను కాస్త ఎక్కువే తోమారు, అది వేరే సంగతి.

ఇప్పుడు ఆ ఆదివారం గురించి చెప్పాలి. ఇది చెప్పకపోతే ఇప్పటిదాకా చెప్పినదంతా వట్టి ముచ్చట.

దానికి ముందు రెండు మూడు వారాలుగా ఆమెకు మెట్లెక్కితే ఆయాసంగా ఉంటోంది. మేస్త్రీ కనిపెట్టాడు. "ఇంగొకసారి రొప్పినావంటే నీ జట్టును వేరేవాళ్లకు ఇస్తా" అన్నాడట. ఈ మాట తనే నాకు చెప్పింది, నవ్వుతూ చెప్పింది. ఆ జట్టు ఆమెకు ఏమిటో నాకు తెలుసు. మొగుడు వదిలేసి పోతే వట్టి చేతులతో బెంగళూరు వచ్చిన మనిషి. మొదటి ఏడాది అందరి కిందా పనిచేసి, రెండో ఏడాది నుంచి ఎనిమిది మంది చేత అక్కా అనిపించుకుంది. ఆ ఎనిమిది మందిలో ఎవరి మీదైనా మేస్త్రీ చెయ్యి వేస్తే, ఆ చేతి మీద తడి కాంక్రీటు పడేది. పొరపాటున పడిందని చెప్పేది.

మర్నాడు స్లాబు. క్లినిక్ కిక్కిరిసి ఉంది. "బేగ సూది ఏసి పంపించు సామీ" అంటూ వచ్చింది. డాక్టరు గారు జ్వరం బిడ్డను చూస్తూ, "నువ్వు విని పెట్టమ్మా, వస్తాండా" అని నాతో అన్నారు.

బిళ్ళ రుద్దాను. చేతులు రుద్దాను. ఆమె ఒత్తిగిలింది. నేను చెవి పెట్టాను, వేలు ఆమె అరచేతి మీద ఆనించాను. తట్టడం మొదలుపెట్టాను. రెండు దెబ్బలు దగ్గరదగ్గరగా పడ్డాయి. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఒకటి. వెంటనే మూడు, ఒకదాన్నొకటి తరుముకుంటూ. మళ్లీ ఖాళీ. ఒక పద్ధతంటూ లేదు.

ఆమె చెయ్యి లాక్కుంది. "తప్పు."

మళ్లీ విన్నాను. మళ్లీ అదే. మళ్లీ తట్టాను.

"తప్పంటాండా కదా. ఇంగా రాలేదు నీకు. ఇన్ని నెలలు నేర్పించినా రాలేదు."

ఆ మాట నా నడుం విరగ్గొట్టింది. నిజమేనేమో అనుకున్నాను. అప్పుడు కనబడింది, ఆమె ఎడమచెయ్యి మెడ మీద లేదు. నడుం కింద దాచుకుని పడుకుంది.

"మెడ మీద వేలు పెట్టుకో అక్కా."

"అక్కరలేదు. నాకు తెలుసు."

డాక్టరు గారు వచ్చారు. నేను చెప్పాను. ఆయన కూర్చుని, కళ్లు మూసుకుని, చాలాసేపు విన్నారు. లేచారు.

"సరిగ్గానే కొట్టుకుంటాండాది కదమ్మా."

"ఇందాక అట్లా లేదు సార్."

"కంగారులో ఒకోసారి మన చప్పుడే మనకు వినబడతాది. పోనీలే."

ఆమె అప్పటికే లేచి కూర్చుని చీర సర్దుకుంటోంది. ఆ క్షణాన నేను చేయవలసింది చాలా తేలిక. పొరబడ్డాను సార్ అంటే అయిపోయేది. డాక్టరు గారు ఏమీ అనుకోరు. ఆమె సూది వేయించుకుని పోతుంది. నాకు నేర్పిన ఇద్దరూ తప్పన్నాక, ఇరవై ఏళ్ల పిల్లను, నేనెవరిని? కానీ నా వేలికి ఇంకా ఆ దెబ్బలు తగులుతున్నాయి. తరుముకొచ్చిన ఆ మూడు దెబ్బలు నావి కావు.

"లేదు సార్. నాకు వినబడింది" అన్నాను. గట్టిగానే అన్నానేమో, బయట బల్ల మీదివాళ్లు మాటలు ఆపేశారు.

డాక్టరు గారు నన్ను చూశారు, ఆమెను చూశారు. కళ్లద్దాలు తీసి ఆమెతో, "నువ్వు చెప్పమ్మా. పాప తప్పు విన్నదా?" అన్నారు.

ఆమె నన్నే చూస్తూ కూర్చుంది. తప్పు విన్నది అంటే చాలు. ఒక్క ముక్క. మర్నాడు స్లాబు, ఆమె జట్టు, ఆమె మాట, అన్నీ ఆమెకు ఉంటాయి. అది ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. నేను అంత భయపడిన క్షణం నా చదువులో ఇంకొకటి లేదు. అబద్ధం చెబుతుందని కాదు, నా భయం. నిజం చెబితే ఆమెకు ఏమవుతుందోనని.

"తప్పు వినలేదు సామీ" అంది చివరికి. "నాలుగు దినాలుగా అట్లనే ఎగిరెగిరి పడతాండాది. వస్తాది, పోతాది." నా వైపు తిరిగింది. "వచ్చేసింది కదే నీకు, పాడుదానా."

అంత మెప్పు, అంత కోపం కలిపి ఒక మనిషి నోట నేను మళ్లీ వినలేదు. బాగా విన్న పిల్లను పట్టుకుని నీకు రాలేదని డాక్టరు ముందు చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. తన జట్టు కోసం కూడా రాలేదు. దీన్ని మించిన ఫ్యాకల్టీ ఎక్కడైనా ఉంటే నాకు చూపించండి.

గుండె అలా అదుపు తప్పి కొట్టుకుంటే లోపల రక్తం గడ్డ కడుతుంది. ఆ గడ్డ మెదడుకు పోతే కాలూ చెయ్యీ పడిపోతాయి. డాక్టరు గారు ఆమెకు ఈ సంగతి వివరంగా చెప్పి, చీటీ రాసి, అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి ఆటో ఎక్కించారు. నేనూ వెంట వెళ్లాను.  అక్కడ తొడ దగ్గర్నుంచి గొట్టం పంపి, బుడగ ఊది, ఇరుకైన కవాటాన్ని తెరిచారు. రెండు నెలలు పట్టింది తేరుకోవడానికి. ఇక బరువు జోలికి పోవద్దన్నారు. మేస్త్రీ రెండో రోజే జట్టును ఇంకొకామెకు అప్పజెప్పాడు. ఈమె షెడ్ల దగ్గర కూలీలకు వంట చేసే పనిలో చేరింది.

నేను చదువు ముగించాను. కొన్నాళ్లు డాక్టరు గారి దగ్గరే పనిచేసి, ఆయన వయసు మీదపడి ఇంటిపట్టున ఉండిపోయాక అదే క్లినిక్‌లో కూర్చున్నాను. స్పెషలిస్టువి కావా అని చుట్టాలు జాలిపడ్డారు. పడనివ్వండి. హూడిలో అద్దాల భవనాలు లేచాయి. ఆమె చేతుల మీదుగా లేచిన వాటిలో ఒకదాని గేటు దగ్గర ఆమెను కాపలావాడు లోపలికి పోనివ్వలేదని ఒకరోజు వచ్చి చెప్పింది. వాణ్ణి ఏం తిట్టిందో కూడా చెప్పింది. మూడు వారాలకొకసారి సూది నేనే వేసేదాన్ని. మేస్త్రీ బదులు ఇప్పుడు తిట్లు నాకు పడేవి.

"ఆ దినం నోరు మూసుకోనుంటే నీదేం పోయేదే?" అని ఒకసారి నిలదీసింది.

"నువ్వు చచ్చేదానివి అక్కా."

"చస్తే స్లాబు మీద చచ్చిందును. జట్టుకు పెద్దగా చచ్చిందును."

సూది నింపుకుని ఒత్తిగిలమన్నాను.  నన్ను క్షమించమని ఆమెను నేను ఎన్నడూ అడగలేదు. ఆమె క్షమించనూ లేదు. ఆ రోజు మళ్లీ వస్తే మళ్లీ అదే మాట అంటాను, మళ్లీ ఆమె చేత తిట్లు తింటాను. మా ఇద్దరి మధ్య ఈ తగువు ఇరవై ఏళ్లకు పైగా నడిచింది.

అన్నేళ్లలో ఆమె ఒంటరిగా వచ్చింది తక్కువ. షెడ్లలో ఎవరికి ఆయాసం వచ్చినా, ఎవరికి కడుపులో గడ్డ తగిలినా, ఏ పిల్ల నెల తప్పినా, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేది. వర్తూరు దాకా పోయి మరీ తెచ్చేది. చివరిసారి వచ్చినప్పుడు తనకే మెట్టు ఎక్కడం కష్టంగా ఉంది. వెంట ఒక పడుచు పిల్ల. రెండు నెలలుగా రాత్రిళ్లు దగ్గుతోందట. గడప దగ్గరే జంకి నిలబడింది, డాక్టరంటే భయమట. ఈమె దాన్ని భుజం పట్టి లోపలికి నెట్టి, వేలు నా వైపు చూపించింది.

"నేను చెప్పలేదా, నా జట్టును పోగొట్టిన డాక్టరని? ఈమే. పో, ఈమెకే చూపించుకో."